ఎర్రర్ రాని ల్యాబ్

పదకొండో వారం

పోయిన వారం మిమ్మల్ని పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో, రక్తపరీక్షల ల్యాబ్ మెట్ల మీద నిలబెట్టి వెళ్ళిపోయాను. ఏమీ అనుకోకండి, ఆ మెట్లెక్కడానికి నాకే కాళ్ళు రాలేదు. ఈ వారమే మొదటిసారి ఈ కథ పట్టుకున్నవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను.

నా పేరు ఉదయలక్ష్మి. మాది తణుకు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో పదిహేడేళ్ళుగా ల్యాబ్ ఇన్‌ఛార్జిని. పాఠాలు చెప్పేది ఫ్యాకల్టీ, అరవై కంప్యూటర్లూ మొరాయించకుండా చూసేది నేను. నా దగ్గర నేర్చుకున్న అభిలాష్ అనే ఇరవైనాలుగేళ్ళ కుర్రాడికి ఈ రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆపరేటర్ ఉద్యోగం నేనే చెప్పి ఇప్పించాను. మిషన్ ఇచ్చే అంకెల్ని తీసుకుని ఎవరి పేరు మీద వాళ్ళ రిపోర్టు అచ్చువేసే ప్రోగ్రామ్ ఒకటి వాడే రాశాడు. నెల కిందట ఆ ప్రోగ్రామ్ చంద్రమ్మ అనే ఆవిడకు తప్పు రిపోర్టు ఇచ్చింది. ఆవిడ ఎర్రగడ్డ రైతుబజార్‌లో ఆకుకూరలమ్ముకునే మనిషి, కిడ్నీ జబ్బు ఉంది. ఒంట్లో పొటాషియం ప్రాణం తీసేంత ఉంటే కాగితం మీద మామూలుగా ఉన్నట్టు వచ్చింది. డాక్టరు కాగితం చూసి ఇంటికి పంపేశారు. మర్నాడు మధ్యాహ్నానికి ఆవిడ గుండె ఆగిపోయింది.

ల్యాబ్ యజమాని బుచ్చిబాబు గారు, కుర్రాడు తమకు తెలియకుండా సొంత ప్రోగ్రామ్ పెట్టాడని పోలీసులకు రాసిచ్చారు. అభిలాష్ తొమ్మిది రోజులుగా జైల్లో ఉన్నాడు. బుధవారం ములాఖత్‌కి వెళ్తే వాడు నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "మేడం, మీరు గా కంప్యూటర్ ముట్టకుండ్రి." బెదిరిపోయి అంటున్నాడనుకున్నాను. ఈలోగా బుచ్చిబాబు గారు ఆ కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయించి, అంటే ఉన్నదంతా తుడిచేయించి, ఏదో కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టిస్తున్నారని తెలిసింది. స్టేషన్ వాళ్ళు రిజిస్టరూ రిపోర్టులూ పట్టుకెళ్ళారు గానీ కంప్యూటర్ జోలికి రాలేదు. మా లాయరు సురేందర్ గారు కోర్టులో అడిగేలోపు ఆదివారం వచ్చి కూర్చుంది. అభిలాష్ తండ్రి కనకయ్య గారు వెళ్ళి బతిమాలితే, ఆదివారం ఒంటిగంటన్నర నుంచి అయిదు దాకా చూసుకోమన్నారు. అయిదింటికి కంపెనీ మనిషి వస్తాడు. అప్పటిదాకా ఒక్క ఫైలు కూడా బయటికి పోకూడదని షరతు.

అదీ సంగతి. ఇక మెట్లెక్కుదాం.

ఆదివారం ఒంటిగంటకే ల్యాబ్ మూసేస్తారు. బుచ్చిబాబు గారు షట్టర్ సగం ఎత్తి, నన్ను లోపలికి పంపి, పై అంతస్తులో ఉన్న తన ఇంటికి భోజనానికి వెళ్ళారు. లోపల రెండు కంప్యూటర్లున్నాయి. ముందు గదిలో ఉన్నది రిసెప్షన్‌ది, దానికి ఇంటర్నెట్ ఉంది. వెనక గదిలో రక్తం మిషన్ పక్కన ఉన్నది అభిలాష్ వాడేది, దానికి లేదు. పనివాళ్ళు క్రికెట్ చూస్తూ కూర్చుంటారని బుచ్చిబాబు గారు అక్కడికి నెట్ ఇవ్వలేదు. ఆయనకు ఇంకో అనుమానం కూడా ఉంది. రిసెప్షన్‌లో ఎవరైనా పెన్‌డ్రైవ్ గుచ్చి పేషెంట్ల వివరాలు ఎత్తుకుపోతారని, ఆ కంప్యూటర్‌కి ఖాళీగా ఉన్న యూఎస్‌బీ రంధ్రాలన్నిటికీ ఎంసీల్ ముద్ద పూయించేశారు. చూసి నవ్వుకున్నాను. ఆ ఎంసీలే లేకపోతే ఈ వారం మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

కనకయ్య గారు డ్యూటీ నుంచి నేరుగా వచ్చారు. జనగామ దగ్గర రెండెకరాలు చేసుకున్న మనిషి, ఇప్పుడు పంజాగుట్టలోనే ఒక బట్టల షాపు గేటు దగ్గర సెక్యూరిటీ. ఒంటి మీద ఆ నీలం చొక్కానే ఉంది. వెనక గదిలో కంప్యూటర్ ముందున్నది కాక రక్తం తీసే కుర్చీ ఒక్కటే ఉంది. చెయ్యి ఆనించే పలకను పైకెత్తి అందులో ఒద్దికగా కూర్చున్నారు. నేను కంప్యూటర్ ఆన్ చేసేలోపే అడగాల్సింది అడిగేశారు.

"మా పోరడు తప్పు జేసిండా లేదా, గదొక్కటి జెప్పమ్మా. జేసిండంటే జేసిండనే జెప్పు. నేను వోయి గా చంద్రమ్మ బిడ్డ కాళ్ళు వట్టుకుంట. జెయ్యకపోతే మాత్రం, ఎవలు జేసిండ్రో వాళ్ళ పేరు జెప్పు."

చెప్తానన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ముందు, ఆ రోజు ఫైలు తీసి అదే కంప్యూటర్‌లో అభిలాష్ ప్రోగ్రామ్‌ని మళ్ళీ నడిపాను. నలభై పేర్లు, నలభై రిపోర్టులు. చంద్రమ్మ పద్దెనిమిదో పేరు. పొటాషియం 4.3 అని వచ్చింది. ఆ రోజు వచ్చిన తప్పే, పొల్లు పోకుండా. రక్తం మిషన్ తన సొంత తెర మీద పాత పరీక్షలు దాచుకుంటుంది కాబట్టి అదీ తీసి చూశాను. అక్కడ చంద్రమ్మది 6.9 ఉంది.

నలభై పేర్లూ వేలు పెట్టి పోల్చుకుంటూ వచ్చాను. పదహారు దాకా సరిగ్గా ఉన్నాయి. పదిహేడో శాంపిల్ పాడైనట్టుంది, మిషన్ అక్కడ అంకె ఇవ్వలేదు, గడి ఖాళీగా ఉంది. మామూలుగా అలాంటిది వస్తే మళ్ళీ పరీక్ష చేసి గడి నింపాకే రిపోర్టులు తీస్తారట. ఆ రోజు రద్దీలో ఎవరూ చూసుకోలేదు. ప్రోగ్రామ్ ఆ ఖాళీని వదిలేసి, కింద అంకెలన్నిటినీ ఒక మెట్టు పైకి జరిపేసింది. చంద్రమ్మ 6.9 పైనున్న వంశీకృష్ణ అనే అతనికి వెళ్ళింది. కిందావిడ 4.3 చంద్రమ్మకి వచ్చింది. ఆ వంశీకృష్ణ రిపోర్టు చూసి హడలిపోయి, ఒక రోజంతా ఆస్పత్రిలో ఉండి, ఏమీ లేదనిపించుకుని నిక్షేపంగా ఇంటికెళ్ళాడు. ఆ భయం చంద్రమ్మకి రావాల్సింది. మిగతావాళ్ళ అంకెలు అటూ ఇటూగా దగ్గరవే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆఖరి మనిషికి అంకె మిగల్లేదు, అతని కాగితం మీద మళ్ళీ శాంపిల్ ఇవ్వమని వచ్చింది.

కనకయ్య గారు తెర చూడటం లేదు, నా మొహం చూస్తున్నారు. దాచడం నాకు చేతకాదు. ఇప్పటికైతే అబ్బాయి ప్రోగ్రామే తప్పు చేసినట్టు కనిపిస్తోందని చెప్పేశాను. ఆయన తల ఊపారు. చొక్కా చేతులు సర్దుకుని, మళ్ళీ అలాగే కూర్చున్నారు.

ప్రోగ్రామ్ తెరిచి మొదటి లైను నుంచి చదివాను. పద్ధతిగా రాశాడు. ఏ లైను ఏం చేస్తుందో పక్కనే తెలుగు మాటల్లో రాసుకున్నాడు. రెండుసార్లు చదివాను, మూడుసార్లు చదివాను. గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలన్న సంగతి ఈ ప్రోగ్రామ్‌లో లేదు, అది వీడు వాడిన మాడ్యూల్ చూసుకోవాలి. మాడ్యూల్ అంటే మనం రాయక్కర్లేకుండా ఇంకెవరో రాసి అందరికీ ఇచ్చిన పని. ఇంట్లో మసాలా నూరుకోకుండా కొట్లో పొడి కొనుక్కున్నట్టు. ఫైలు తెరిచి గడులు చదివే పని ఆ మాడ్యూల్‌ది. ప్రపంచమంతా వాడుతున్న మాడ్యూల్ తప్పు చేస్తుందా? మన బంగారం మంచిదైతే కదా కంసాలిని అనడానికి.

అయినా నా దగ్గర చదివినవాళ్ళందరికీ నేను చెప్పే మొదటి మాట ఒకటుంది. ఏమీ అంతు పట్టకపోతే ఇంకో కంప్యూటర్‌లో నడిపి చూడండి. అదే చేద్దామని ముందు గదికి వెళ్ళాను. రెండు కంప్యూటర్లకీ ఒకటే ప్రింటర్, దాని కోసం వేసిన వైరు మీదుగా ప్రోగ్రామూ, ఆ రోజు ఫైలూ రిసెప్షన్‌కి తెచ్చుకున్నాను.

నడిపితే మొదటి లైనులోనే మాడ్యూల్ లేదని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. లేకపోవడం మామూలే. నా తాళాలగుత్తికి ఎప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతుంది, అందులో అన్ని మాడ్యూల్సూ ఉంటాయి. అలవాటుగా చెయ్యి దాని మీదికే పోయింది. రంధ్రాలకి ఎంసీల్. సరే, ఖర్మ అనుకుని ఇంటర్నెట్ నుంచే దింపాను. దిగిందని చెప్పింది. ప్రోగ్రామ్ నడిపితే మళ్ళీ లేదంది. ఇంకోసారి దింపితే, ఇప్పటికే ఉంది కదా అంది. నడిపితే లేదంది.

ఈ తగాదా నాకు కొత్త కాదు. వెతికితే దొరికింది. ఇలాంటి ప్రోగ్రామ్‌లని నడిపేది పైథాన్, అంతకుముందెవరో బిల్లింగ్ కోసం ఒకటి పెట్టారు, పాతది. తర్వాత ఇంకెవరో కొత్తది పెట్టారు, పాతది తీయలేదు. మాడ్యూల్ కొత్తదాంట్లోకి దిగుతోంది, ప్రోగ్రామ్ పాతదాంతో నడుస్తోంది. సరుకు ఒకరింట్లో దించి వంట ఇంకొకరింట్లో చేస్తానంటే ఎలా కుదురుతుంది? ప్రోగ్రామ్‌ని కొత్తదాని చేతికిచ్చాను. ఈసారి విండోస్ పాతదని మాడ్యూల్ అలిగింది. ఈ విండోస్‌కి సరిపడే వెనకటి వెర్షన్ ఏదో వెతికి, ఒకదాన్ని తీసేసి, ఇంకోదాన్ని పెట్టి, అది అడిగిన ఇంకో రెండు మాడ్యూల్స్ దింపి, ఇలా గంటన్నర పోయింది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

మధ్యలో కనకయ్య గారు టిఫిన్ డబ్బా తెచ్చి కీబోర్డు పక్కన పెట్టారు. అభిలాష్ తల్లి రాజమ్మ గారు పొద్దున్నే సర్వపిండి కాల్చి పంపారట. మేడం పని చేస్తది, ఆకలైతది అన్నదట. నాకు నిజంగానే ఆకలేస్తోంది. ఉన్న రెండు ముక్కలూ తిన్నాను. నువ్వులు, పల్లీలు, కరివేపాకు వేసిన బియ్యప్పిండి రొట్టె, చల్లారినా కమ్మగా ఉంది. మీరూ తినమంటే, కొడుకు బయటికొచ్చిందాకా మధ్యాహ్నం పూట తినడం మానేశానని చెప్పారు. ఆ చేత్తోనే నేను మళ్ళీ ప్రోగ్రామ్ నడిపాను.

ఈసారి కదిలింది. ఒకటి, రెండు, మూడు, పేర్లు వరసగా పైకి పోతున్నాయి. పదహారు. అక్కడ ఆగిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. పదిహేడో గడిలో అంకె లేదు, ముందుకు వెళ్ళను అంటోంది.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. అదే ప్రోగ్రామ్, ఒక్క అక్షరం తేడా లేదు. అదే ఫైలు. ఇక్కడ ఆగింది, ఒక్క రిపోర్టు కూడా అచ్చు వేయనంది. ఆ రోజు వెనక గదిలో కూడా ఇలాగే ఆగి ఉంటే అభిలాష్ లేచి వెళ్ళి పదిహేడో శాంపిల్ సంగతి అడిగేవాడు. గడి నింపేవాళ్ళు. చంద్రమ్మ కాగితం మీద 6.9 వచ్చేది, డాక్టరు ఆవిణ్ణి ఇంటికి పంపేవారు కాదు. ఇవాళ ఆదివారం, రైతుబజార్ కిటకిటలాడే రోజు, ఆవిడ గోంగూర కట్టలు అమ్ముకుంటూ ఉండేది.

ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. వెనక గదిలో ఉన్న మాడ్యూల్ ప్రపంచమంతా వాడే మాడ్యూల్ కాదు. దానిలో ఎవరో చెయ్యి పెట్టారు.

కనకయ్య గారికి చెప్పాను. మీ అబ్బాయి తప్పు లేదండీ, వాడు వాడిన సామాను ఎవరో పాడుచేశారు, వాళ్ళెవరో కనుక్కుంటాను అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించారు. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చారు. నాకు ఆ క్షణంలో ఎంత గర్వంగా అనిపించిందో మీతో అబద్ధం చెప్పను. ఈ బుచ్చిబాబు గారో, ఆయన దగ్గర పనిచేసినవాళ్ళెవరో అయ్యుంటారని, పట్టుకుని రేపు కోర్టులో నిలబెడతానని అనుకుంటూ వెనక గదికి దాదాపు పరిగెత్తాను.

మాడ్యూల్ ఏ ఫోల్డర్‌లో ఉందో అడిగితే కంప్యూటరే చెప్తుంది. వెళ్ళాను. గడులు చదివే ఫైలు తెరిచాను. కిందికి దిగుతూ, దిగుతూ, ఖాళీ గడి వస్తే ఏం చేయాలో చెప్పే చోటికి వచ్చాను. అసలు మాడ్యూల్‌లో అక్కడ ఆగిపొమ్మని ఉంటుంది. ఇక్కడ ఆ లైను కొట్టేసి ఉంది. దాని కింద కొత్తగా మూడు లైన్లున్నాయి. ఖాళీగా ఉంటే వదిలెయ్, ఏమీ అనకు, తర్వాతి దానికి పో.

ఆ మూడు లైన్ల పక్కన రెండు ఇంగ్లిషు అక్షరాలూ, ఒక తేదీ ఉన్నాయి. యు, ఎల్. 2019 జూన్.

ఏ కంప్యూటర్‌లో ఏం మార్చినా పక్కన నా పేరులోని రెండక్షరాలూ తేదీ వేయడం నా అలవాటు. తర్వాత ఎవడైనా వేలు పెడితే పట్టుకోవడానికని మొదలుపెట్టాను.

నాకు మొత్తం గుర్తొచ్చింది. అది సోమవారం. సోమవారమంటే అమీర్‌పేటలో డెమో రోజు. ఉచితంగా ఒక క్లాసు చెప్పి పిల్లల్ని కూర్చోబెట్టుకోవాలి. కింద మెట్ల దగ్గరే ఇంకో సెంటర్ వాడు కరపత్రాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. తెర మీద ఎర్ర అక్షరాలు కనబడ్డాయంటే పిల్లలు లేచి పక్క బిల్డింగ్‌కి పోతారు. ఆ రోజు అరవై కంప్యూటర్లలోనూ ఎర్రరే. ఫ్యాకల్టీ ఎక్కడి నుంచో తెచ్చిన ఫైల్లో మధ్యమధ్య గడులు ఖాళీ. మా డైరెక్టర్ సారు గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తున్నారు. ఫైలు సరిచేయడం సరైన పద్ధతి. కానీ ఈ ఫ్యాకల్టీ రేపు ఇంకో చిల్లుల ఫైలు తెస్తాడు, మళ్ళీ ఇదే భాగోతం. అందుకని మాడ్యూల్‌నే తెరిచి ఆ మూడు లైన్లు పెట్టేశాను. ఆ ఫోల్డర్‌ని అరవై కంప్యూటర్లకూ ఎక్కించాను. పావుగంటలో గది ప్రశాంతంగా అయిపోయింది.

ఆ సాయంత్రం సారు అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించారు. నెల తిరక్కుండా మూడో అంతస్తు నుంచి ఫ్లెక్సీ వేలాడదీశారు. 'ఎర్రర్ రాని ల్యాబ్' అని రాసి పక్కన నా ఫొటో. ఎండకి వెలిసిపోయి ఇప్పటికీ ఉంది, మెట్రోలో పోతుంటే కనిపిస్తుంది. ఆ మూడు లైన్ల సంగతి మాత్రం నేను మర్నాటికే మర్చిపోయాను.

బ్యాచ్ అయిపోయాక పిల్లలు పెన్‌డ్రైవ్ తెచ్చి 'మేడం ఫోల్డర్' ఎక్కించుకుని పోవడం మా దగ్గర ఆనవాయితీ. నెట్ లేని చోట ఇన్‌స్టాల్ చేస్తూ తంటాలు పడొద్దు, ఈ ఫోల్డర్ ఎత్తి పెట్టేయండని నేనే చెప్పి పంపుతాను. ఈ వెనక గదిలో నెట్ లేదు. అభిలాష్ నేను చెప్పినట్టే చేశాడు. నా తాళాలగుత్తి పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ ఈ ఫోల్డరే, ఇందాక ఎంసీల్ అడ్డం రాకపోతే ముందు గదిలోనూ అదే 4.3 వచ్చేది.

అంతే అయితే బాగుండును. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పోయిన ఏడు ఈ ప్రోగ్రామ్ రాస్తున్న రోజుల్లో వాడొకసారి మా సెంటర్‌కి వచ్చాడు. ఆ రోజూ డెమోనే, నేను గాలి పీల్చుకునే తీరిక లేకుండా తిరుగుతున్నాను. వాడు నా వెనకే తిరుగుతూ, నలభై పేర్లు ఇస్తే ముప్పై తొమ్మిది అంకెలే వస్తున్నాయని, ఎందుకో తెలియట్లేదని అన్నాడు.

"ఎర్రర్ వచ్చిందా?" అన్నాను.

"రాలేదు మేడం."

"రాకపోతే మరింకేంట్రా నీ బాధ? ఆఖరివాడికి మళ్ళీ శాంపిల్ ఇవ్వమని పెట్టు, సరిపోతుంది."

వాడు నవ్వి, సరే మేడం అని వెళ్ళిపోయాడు. నేను చెప్పిందే పెట్టాడు. ఇందాక ఆఖరి మనిషి కాగితం మీద నేను చదివింది నా మాటే.

ఈ సంగతి వాడికీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. వాడు జైల్లో కూర్చుని అంతా తవ్వుకుని ఉంటాడు, ఎక్కడ జారిందో వాడికి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. తొమ్మిది రోజులుగా పోలీసులకు చెప్పలేదు, లాయరుకు చెప్పలేదు, కన్నతండ్రికి చెప్పలేదు. మీరు గా కంప్యూటర్ ముట్టకుండ్రి అని నాకొక్కదానికే చెప్పాడు. నేనేమో, భయపడుతున్నాడు పాపం అని జాలిపడి వచ్చాను.

"దొరికిందా అమ్మా?" అని కనకయ్య గారు వెనక నుంచి అడిగారు.

"ఇంకా లేదండీ" అన్నాను.

అన్నాను. మీ దగ్గర దాచి ఏం లాభం. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. అనేశాక నా వేళ్ళు వాటంతటవే ఆ రెండక్షరాల దగ్గరికి వెళ్ళాయి. యు పోయింది. ఎల్ పోయింది. తేదీ పోయింది. ఇప్పుడా మూడు లైన్లూ ఎవరివో. ఇంకో అరగంట ఊరుకుంటే అవి కూడా ఉండవు, కంపెనీ మనిషి వచ్చి మొత్తం తుడిచేస్తాడు. నేనేం చేయక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. ప్రయత్నించాను గానీ ఏమీ దొరకలేదని కళ్ళొత్తుకుంటే, ఈయన నాకే ఓదార్పు చెప్పి మెట్రో ఎక్కిస్తారు. అభిలాష్ నోరు విప్పడు.

ఆరేళ్ళలో ఎన్ని బ్యాచ్‌లు, ఎన్ని పెన్‌డ్రైవ్‌లు. ఎవడు ఏ ఆస్పత్రిలో ఉన్నాడో, ఎవడు ఏ పరీక్షల మార్కులు ఎక్కిస్తున్నాడో, నెట్ లేని ఎన్ని వెనక గదుల్లో ఆ ఫోల్డర్ నోరు మూసుకుని పని చేసుకుపోతోందో. ఈ ఒక్క కంప్యూటర్ తుడిచేస్తే అవన్నీ పోతాయా? చంద్రమ్మలు ఇంకెంతమంది వరసలో ఉన్నారో నేను లెక్కపెట్టలేకపోయాను.

వెనక్కి తిరిగి చూశాను. కనకయ్య గారు ఆ కుర్చీలో కూర్చుని, ఖాళీ టిఫిన్ డబ్బాను రుమాలుతో తుడుస్తున్నారు. ఇంటికెళ్ళి రాజమ్మ గారికి చెప్పాలి కదా, మేడం తిన్నది, పని చేసింది అని.

తుడిచింది వెనక్కి తెచ్చే కీ ఒకటుంటుంది. దాన్ని నొక్కాను. తేదీ వచ్చింది. ఎల్ వచ్చింది. యు వచ్చింది. తర్వాత నా తాళాలగుత్తి తీసి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆ మాడ్యూల్ ఫోల్డరూ, అభిలాష్ ప్రోగ్రామూ, ఆ రోజు ఫైలూ, మూడూ ఎక్కించాను. ఒక్క ఫైలు బయటికి పోకూడదన్న బుచ్చిబాబు గారి షరతు గుర్తుంది. అయినా రింగు నుంచి పెన్‌డ్రైవ్ ఊడదీశాను.

లేచి వెళ్ళి దాన్ని కనకయ్య గారి అరచేతిలో పెట్టాను.

"దీన్ని జేబులో పెట్టుకోండి. రేపు పొద్దున్న లాయరు గారి చేతిలో పెట్టేదాకా ఎవరికీ ఇవ్వకండి. బుచ్చిబాబు గారు అడిగినా, నేనడిగినా ఇవ్వకండి."

ఆయన దాన్ని నీలం చొక్కా జేబులో వేసుకుని బొత్తం పెట్టుకున్నారు. అంతా అయ్యాక నా మొహంలోకి చూశారు.

"మీరెందుకు అడుగుతరమ్మా?"

ఆయన చెయ్యి పట్టుకుని కంప్యూటర్ దగ్గరికి తీసుకొచ్చాను. ఆయనకు ఇంగ్లిషు చదవడం రాదు. అందుకని ఆ మూడు లైన్లనూ ఒక్కొక్కటిగా వేలు పెట్టి, ఏం చేస్తాయో తెలుగులో చెప్పాను. చంద్రమ్మ అంకె ఎక్కడ జారిందో చూపించాను. చివర ఆ రెండక్షరాల మీద వేలు ఆపాను.

"ఎవలు జేసిండ్రో పేరు చెప్పమన్నారు కదా. ఇది నా పేరు కనకయ్య గారూ."

ఆయన నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు. ఆ చేత్తోనే జేబు మీద తడుముకుని, పెన్‌డ్రైవ్ ఉందో లేదో చూసుకున్నారు. ఒక అడుగు వెనక్కి వేశారు. నేను ఆయన మొహం చూడలేక గుమ్మం వైపు చూశాను.

గుమ్మంలో బుచ్చిబాబు గారు నిలబడి ఉన్నారు. ఆయన పక్కన బ్యాగు పట్టుకుని కంపెనీ మనిషి. ఎప్పుడొచ్చారో, ఎంతవరకు విన్నారో తెలియదు. బుచ్చిబాబు గారు ముందు తెర వైపు చూశారు, తర్వాత కనకయ్య గారి జేబు మీదున్న చేతి వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

"ఎవరి పేరంటున్నారు, ఉదయలక్ష్మి గారూ?" అని అడిగారాయన, చాలా నెమ్మదిగా.